వంగి పోండప్పా, పడుగుండాది

మా మేనత్త పోయిందన్న మాట నాకు ఎవురు చెప్పినారో తెలుసునా? ఎదురింటి అంగడాయన. ఎమ్మిగనూరిలో ఇంతమంది మనుషులుండగా, ఆ వీధిలో ఇంటింటికీ సెల్లుఫోన్లుండగా, ఆయప్పే ఫోన్ చేసినాడు. నేను ఆదోనిలో నా కుట్టు అంగట్లో కూర్చొని ఎవురిదో పెళ్లి రవికకు హుక్కులు కుడతాండాను. "అమ్మా, మీ అత్త పోయిందమ్మా. మగ్గం మీద కూర్చున్నది కూర్చున్నట్లే ఒరిగిపోయింది. గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పినాడు. పుణ్యాత్మురాలు" అన్నాడు, గొంతు ఎంతో మెత్తగా చేసుకొని. పుణ్యాత్మురాలంట! ఆ మాట ఇంకొకరి నోట వచ్చుంటే నేను ఆడనే కూలబడి ఏడ్చేదాన్ని. ఆయన నోట వచ్చేసరికి ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. సూది వేలికి దిగింది కూడా చూసుకోలేదు, ఆ రవిక మీద రక్తం మరక పడింది.

చావు కబురు చెప్పిన మనిషిని తిట్టుకుంటా మొదలుపెట్టిందేమి ఈమె, అని మీకు అనిపించచ్చు. అనిపించనీండి. నాకు మెత్తగా మాట్లాడేది చేతకాదు, అది మా అత్తకు వచ్చిన విద్య. ఇదంతా చదివినాక కూడా నా నోరు పెద్దదే అనిపిస్తే అప్పుడు నన్ను తిట్టండి, పడతాను.

మా అత్త అంటే మా నాయనకు అక్క. పెళ్లయి ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధికి వచ్చేనాటికి ఆమెకు మగ్గం పట్టేది రాదు. మా వాళ్లు మగ్గాలు ఎప్పుడో మానేసి, గోనెగండ్ల దిక్కు కూలికి పోయి బతికినోళ్లు. మా మామ చిన్న వయసులోనే పోయినాడు. పిల్లలు లేరు. పుట్టింటికి వచ్చెయ్యమని మా నాయన పోతే, "నేనొస్తే ఈ మగ్గాన్ని ఎవురు చూస్తారురా?" అనిందంట. నేసేది రాకుండానే అనింది చూడండి ఆ మాట! అప్పుడు ఎదురింటి అవ్వ, అంటే ఈ అంగడాయన తల్లి, తన ఇంటి పని పక్కన పెట్టి వచ్చి, మా అత్త పక్కన కూర్చొని, చెయ్యి పట్టుకొని మగ్గం నేర్పింది. ఆ మేలు మా అత్త సచ్చేదాకా మర్చిపోలేదు. మర్చిపోయుంటే బాగుండేదని నేను ఇప్పుడంటాండాను.

బడి సెలవులొస్తే నన్ను ఎమ్మిగనూరు బస్సెక్కించి ఆమె దగ్గరికి పంపేవాళ్లు. మెడలో దారానికి చిన్న కత్తెర వేలాడేది ఆమెకు, తాళిబొట్టు తీసేసిన చోట. మగ్గంతో మాట్లాడేది. "ఏమే, ఈ పొద్దు నీకేం రోగమొచ్చింది?" అని దాన్ని తిట్టి, మళ్లా దానికే నచ్చచెప్పేది. బొరుగుల ఉగ్గానిలో పచ్చిమిరపకాయ కరకరా నమిలి, కండ్లలో నీళ్లు కారిపోతాంటే, "ఈసారి కాయల్లో కారమే లేదే" అనేది. నేను కండె చుట్టతా దారం చిక్కుబడితే కాళ్లు నేలకేసి కొట్టేదాన్ని. అప్పుడు ఆమె నా దిక్కు చూడకుండానే, "అరిచేది తర్వాత అరుద్దువులే, ముందు పోగు అతుకు" అనేది. ఇప్పుడు నా అంగట్లో పనిచేసే పిల్లలకు నేను కూడా అదే మాట చెప్తాండాను. వాళ్లకు అది ఎవురి మాటో తెలీదు.

మగ్గం సంగతి తెలీనోళ్లకు ఒక ముక్క చెప్పాల. చీర నేసే ముందు పొడుగు పోగులన్నీ వీధిలో ఆ చివర నుంచి ఈ చివరకు సాగదీసి, గంజి పూసి, పెద్ద కుంచెలతో దువ్వుతారు. దాన్నే పడుగంటారు. ఎండెక్కితే గంజి తొందరగా ఆరి పోగులు తెగుతాయి. అందుకే తెల్లారకముందే మొదలుపెట్టి, చెట్టు నీడనే ముగించుకోవాల. ఒక్కరితో అయ్యే పని కాదు. కొసల్లో మనుషులుండాల, కుంచె పట్టేవాళ్లుండాల, తెగిన పోగులు అతికేవాళ్లుండాల. ఈ పొద్దు మీ పడుగుకు మేమొస్తాం, రేపు మా పడుగుకు మీరు రావాల. అదీ వీధి రివాజు. ఇప్పుడు చానామంది మిషన్ల మీద తయారైన పడుగు తెచ్చుకుంటాండారు. మా అత్త, ఇంకా నాలుగిండ్లోళ్లు మాత్రం పాత పద్ధతి వదల్లేదు.

ఆ పడుగుకు ఇంకొక రివాజుండాది. సాగదీసిన పడుగును ఎవురూ దాటకూడదు. నడుమెత్తున కడతారు కాబట్టి, వీధిలో ఆ పక్క నుంచి ఈ పక్కకు రావాలంటే నడుం వంచి కింద నుంచి దూరి రావాల్సిందే. మనిషి కనిపిస్తే చాలు, మా అత్త కేక వేసేది. "వంగి పోండప్పా, పడుగుండాది!" ఒకసారి ఓట్లడిగేదానికి వచ్చిన పెద్దమనిషి ఒకాయన ఇస్త్రీ చొక్కాతో నిలబడి అటూ ఇటూ చూసినాడు, ఎవురన్నా పడుగు ఎత్తి పట్టుకుంటారేమోనని. మా అత్త అదే కేక వేసింది. ఆయన వంగినాడు, ఆయన వెనకాల ఉన్నోళ్లందరూ వరసగా వంగినారు. వాళ్లు పోయినాక, "గెలిచినాక వంగడు, ఇప్పుడే వంచుకోవాల" అని నవ్వింది. వీధంతా నవ్వింది. అప్పట్లో ఆమె నవ్వితే వీధి కూడా నవ్వేది.

ఇంక చెట్టు. మా అత్త ఇంటి గోడ పక్కనే, వీధి స్థలంలో, పెద్ద కానుగ చెట్టు. దాన్ని నాటింది ఎదురింటి అవ్వే, ఆ వీధికి కోడలుగా వచ్చిన కొత్తలో. అంట్లు కడిగిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు తన ఇంటి నుంచి వీధి దాటి మోసుకొచ్చి పోసి సాకిందంట. అది పూసినప్పుడు వీధంతా బొరుగులు పారబోసినట్లుండేది. నేతగాళ్ల పడుగులన్నీ దాని నీడనే. అవ్వ వయసు మళ్లినాక పొద్దంతా తన ఇంటి ముందర అరుగు మీద కూర్చొని ఆ చెట్టునే చూసేది. నీళ్లు మోసే పని మా అత్త తీసుకుంది. పొద్దున లేచి మొదటి బిందె చెట్టుకు పోసి, అవ్వ దిక్కు చూసి తల ఊపేది. అవ్వ కూడా తల ఊపేది.

అయితే ఆ చెట్టు కొమ్మ ఒకటి, మనిషి నడుమంత లావుది, మా అత్త ఇంటి రేకుల మీదికి వాలింది. గాలి లేస్తే రేకులను గీకేది. సరిగ్గా దాని కిందనే నేలలో తవ్విన మగ్గం గుంట. మగ్గమంటే మంచం కాదు కదా, ఈ పక్క నుంచి ఆ పక్కకు జరుపుకునేదానికి. ఒకసారి గాలివానకు కొమ్మ రేకును పగలగొట్టింది, సగం నేసిన చీర తడిసిపోయింది. ఆ ఒక్క కొమ్మ కొట్టించండి స్వామీ అని మా అత్త మున్సిపల్ ఆఫీసుకు పోయింది. వాల్టా అని చట్టముండాది కదా, అడగకుండా చెట్టు మీద చెయ్యి వేస్తే కేసు. మంచి చట్టమే, నేను కాదనను. చెట్లను కాపాడాల. కొమ్మ కింద కూర్చున్న మనిషిని కూడా రవ్వంత చూడాల కదప్పా!

వచ్చి చూసినాయన, "పచ్చ కొమ్మను ముట్టేదానికి లేదమ్మా. ఎండిపోయుంటే అప్పుడు చూద్దాం" అని చెప్పి పోయినాడు. మా అత్త సాయంత్రం అవ్వ అరుగు మీద కూర్చొని అందరికీ ఆ కత చెప్పి నవ్వింది. "నా ఇంటి మీదికొచ్చిన కొమ్మ నాది కాదంట. అది పడితే మాత్రం పగిలేది నా నెత్తేనంట." అందరూ నవ్వినారు. అంగడాయన మాత్రం నవ్వలేదు. "ఎండితే చూద్దామన్నారా వదినా?" అని అడిగినాడు. అన్నారంది. మళ్లా అదే మాట అడిగినాడు.

ఆయనకు ఆ చెట్టు మీద వేరే లెక్కుండాది. తన అంగడి మిద్దె మీద ఇంకొక మిద్దె లేపాలని ఆశ. చెట్టు ఇంకొక కొమ్మ ఆ దిక్కుకు సాగి అడ్డమయ్యింది. అంతకుముందే మా అత్తకు నూరిపోసినాడు: "కొమ్మ ఎందుకు వదినా, చెట్టంతా తీసెయ్యమని అర్జీ పెట్టు. ఇంటికి ముప్పని చెప్పు, నీ మాటైతే వింటారు." మా అత్త ఒప్పుకోలేదు. "నాకు అడ్డం కొమ్మప్పా, చెట్టు కాదు. అది మీయమ్మ పెట్టిన చెట్టు" అని చెప్పింది.

ఆ ఎండాకాలంలో కొమ్మ రంగు మారింది. ఆకు పసుపై, ముడుచుకొని, రాలిపోయింది. సరిగ్గా మా అత్త ఇంటి మీద ఉన్న కొమ్మే. ఎవురు చెప్పినారో నాకు తెలీదు, తెలీని మాట నేననను, ఆఫీసోళ్లు వచ్చినారు. చెట్టు మొదట్లో ఒక ఎర్రంచు గుడ్డ గట్టిగా చుట్టి ఉండాది. విప్పినారు. లోపల ఎర్రమట్టి, పేడ మెత్తినారు. గీకినారు. ఆ కొమ్మ దిక్కునే వేలు పట్టేంత బెజ్జం, దాంట్లో నుంచి గుప్పుమని ఇంగువ వాసన. చెట్టుకు బెజ్జం పెట్టి ముద్ద ఇంగువ కుక్కితే లోలోపల ఎండిపోతాదని మా దిక్కు అందరికీ తెలుసు. కొట్టినట్లు కనపడకూడదనుకున్నోళ్లు చేసే పని అది.

"గుడ్డ ఎవురిది?" అని అడిగినారు. వీధిలో పసిపిల్లను అడిగినా చెప్తాది, ఆ ఎర్రంచు మా అత్త మగ్గానిదే. "నాదే" అనింది మా అత్త. "మట్టి మెత్తింది?" "నేనే." "కొమ్మ అడ్డమని అర్జీ పెట్టింది?" "నేనే." ఇంగువ ఎవురు పెట్టినారని అడిగితే మాత్రం తల వంచుకొని నిలబడింది. కేసు రాసుకున్నారు. వాళ్లు పోయినాక ఆమె ఆ గుడ్డను మళ్లా చెట్టుకే చుట్టింది. వచ్చినాయన్ని నేను తప్పు పట్టను, కండ్లకు కనిపించింది రాసుకున్నాడు. వీధిని మాత్రం వదలను. ఎన్నేండ్లుగా చూస్తాండారు ఆమెను! పొద్దున లేచి చెట్టుకు నీళ్లు పోసే మనిషి అదే చెట్టుకు విషం పెడుతుందా అని ఒక్కరికి, ఒక్కరికంటే ఒక్కరికి, అనుమానం రాలేదా? రాలేదు. వస్తే మాట్లాడాల్సొస్తుంది కదా!

"చెట్టును సంపినామె" అని పేరు పెట్టినారు. ఆమె ముందర కాదు, వెనక. ఆమె కొళాయి దగ్గరికి పోతే మాటలు ఆగిపోయేవి. ఎవురి పడుగుకూ ఆమెను పిలవలేదు. అన్నిటికంటే పెద్ద శిక్ష, ఆమె పడుగుకు ఎవురూ రాలేదు. పడుగు సాగకపోతే మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే పొయ్యి ఆగుతుంది. చివరికి నాకు ఫోన్ చేసి, "రేపు రవ్వంత వచ్చి కొస పట్టుకుంటావామ్మే?" అని అడిగింది. నేను ఆదోని నుంచి మొదటి బస్సెక్కి పోవాల్సొచ్చింది, ఆమె సొంత వీధిలో ఆమె పడుగు కొస పట్టేదానికి.

ఆ పొద్దు నాకు బాగా గుర్తు. నేనూ ఆమే, ఇద్దరమే. వీధి తలుపులు తెరుచుకున్నాయి, బక్కెట్లు బయటికొచ్చినాయి, నోట్లో బ్రష్షులు పెట్టుకొని నిలబడినారు, ఒక్కరూ చెయ్యి వెయ్యలేదు. నేను ఈ కొసన బిగించి పట్టుకున్నాను. ఆ కొసను గుంజకు కట్టి, ఆమె కుంచెతో దువ్వుకుంటా నా దిక్కు వస్తాండాది. నేను ఉండబట్టలేక, "అత్తా, నిజం చెప్పు, ఎవురు చేసినారు?" అని అరిచినాను. ఆమె నోటి మీద వేలు పెట్టుకుంది. దువ్వుకుంటా నా దగ్గరికి వచ్చి, "గుడ్డ నాది, మట్టి నాది, ఇంగువ నాది కాదు" అని గొణిగి, మళ్లా వెనక్కి దువ్వుకుంటా పోయింది. ఆ కొస దాకా పోయి మళ్లా రావాల! నేను ఇక్కడ కాలిపోతాండాను. కొస వదిలి ఉరుకుదామంటే పడుగంతా మట్టిలో పడుతుంది.

మళ్లా వచ్చింది. "మధ్యాన్నం వీధంతా పండుకున్నప్పుడు, వడ్లాయన దగ్గర బరమా అడిగి తెచ్చుకొని చెట్టుకు బెజ్జం పొడుస్తాండె. కిటికీలో నుంచి చూసినా." మళ్లా పోయింది. మళ్లా వచ్చినప్పుడు, ఎవురని అడిగినాను. పేరు చెప్పలేదు, గడ్డం ఎత్తి ఎదురింటి అంగడి దిక్కు చూపించింది. "ఏం చేస్తాండావప్పా అని ఉరికితే, నీ మేలుకే వదినా, ఎండితే చూద్దామన్నారు కదా, ఎండబెడతాండా అన్నాడు. తరిమినా." తరిమి, మగ్గం కమ్మితో ఇంగువ చేతనైనంత తోడేసి, మజ్జిగ నీళ్లతో కడిగి, మట్టీ పేడా మెత్తి గుడ్డ కట్టిందంట. "చెయ్యి విరిగితే కట్టు కట్టమా? అట్ల కట్టినా. దానితో బాగవుతాదో లేదో నాకేం తెలుసు, నేనేమన్నా డాక్టర్నా?" అనింది.

నేను కొస పట్టుకొనే తిట్లకు లంకించుకున్నాను. ఇప్పుడే పోయి అంగడి ముందర నిలబడి అరుస్తానన్నాను. ఆమె కుంచె ఆపింది. "అవ్వకు తెలీకూడదు" అనింది. "తన కడుపున పుట్టినోడు తను పెట్టిన చెట్టుకు ఇంగువ పెట్టినాడని తెలిస్తే, ఆ పొద్దే అవ్వ అన్నం మానేస్తాది. నాకు మగ్గమిచ్చిన చెయ్యి అది. అవ్వ ఉన్నన్నాళ్లు ఈ మాట నీ నోట రాకూడదు. పడుగు మీద చెయ్యి పెట్టి చెప్పు." నా చేతులు ముందే దాని మీద ఉండాయి కదా, ఇంకేం చేసేది? సరే అన్నాను. పండ్లు కొరుక్కుంటా అన్నాను.

ఆ తర్వాత జరిగింది వింటే మీకు నవ్వొస్తాదో కోపమొస్తాదో. కొమ్మ పూర్తిగా ఎండిపోయింది. ఎండితే చూద్దామన్నారు కదా, వచ్చి చూడండని మా అత్త పోయి అడిగింది. "కేసులో ఉన్న చెట్టమ్మా. అది తేలేదాకా పుల్ల కూడా కదిలించకూడదు" అన్నారు. పచ్చగా ఉన్నప్పుడు పచ్చనిదని కొట్టలేదు. ఎండినాక సాక్ష్యమని కొట్టలేదు. మా అత్త ఆ ఎండిన కొమ్మ కిందనే కూర్చొని నేసింది. గాలి లేస్తే చెయ్యి ఆపి పైకి చూసేది, గాలి ఆగితే మళ్లా నేసేది. కొమ్మ ఆమె మీద పడలేదు. ఆమెను కూలదోసింది కొమ్మ కాదు, ఆమె ముందర ఆగిపోయిన మాటలు. డాక్టరు గుండె అన్నాడు, ఆయన చదువుకున్నాడు, ఆయన అనేది ఆయనను అననీండి.

దినాలు చెట్టు కిందనే పెట్టినాము. వీధంతా వచ్చింది. బతికుండగా పడుగు కొస పట్టనోళ్లు విస్తరాకు ముందర బాగానే కూర్చున్నారు. నేను పప్పు బక్కెట్టు పట్టుకొని వడ్డిస్తాండాను. అవ్వను కుర్చీతో సహా మోసుకొచ్చి ముందర కూర్చోబెట్టినారు. అప్పుడు అంగడాయన లేచి, కండువా సరిచేసుకొని, నాలుగు మాటలు చెప్పాలన్నాడు. మా అత్త కష్టజీవి అన్నాడు, ఎవురి సొమ్మూ ఆశించలేదన్నాడు. అంతటితో ఆపుంటే ఎంత బాగుండు! "మనిషన్నాక పొరపాట్లు చేస్తాం. చెట్టు విషయంలో ఆమె బుద్ధి కూడా రవ్వంత పెడదారి పట్టింది. ఒంటరి ఆడమనిషి, భయపడింది. పోయినోళ్ల తప్పులు పట్టుకోకూడదు. ఈ పొద్దు మనమందరం ఆమెను మన్నించేద్దాం" అని చేతులు జోడించినాడు. జనం తలలూపినారు.

మన్నిస్తాడంట! ఎవురు? ఎవుర్ని? ఆ పప్పు బక్కెట్టు ఆయన నెత్తిన బోర్లించేదాన్ని, నిజంగా చెప్తాండాను. నోటి దాకా వచ్చింది మాట. ఎదురుగా అవ్వ కుర్చీలో కూర్చొనుండాది. పడుగు మీద చెయ్యి పెట్టి ఒప్పుకున్నాను కదా. మాటను మింగినాను.

"రే" అనింది అవ్వ.

ఆ గొంతు ఎంత చిన్నదంటే, ముందర వరసోళ్లకు తప్ప వినపడి ఉండదు. వాళ్లు చేతులు ఆపినారు. వాళ్లను చూసి వెనకాలోళ్లు ఆపినారు. "ఆమెను మన్నించేదానికి నువ్వెవడురా?" అనింది అవ్వ. అంగడాయన, "అమ్మా, నువ్వూరుకో" అన్నాడు. "ఇన్నాళ్లు ఊరుకుంటి కదరా. ఆ మధ్యాన్నం నేను అరుగు మీదనే ఉంటి. ముసలిది గుర్రు పెడతాంది, ఏం సూస్తాదిలే అనుకుంటివి. సూసినా. నీ సేతిలో బరమా సూసినా. ఆ పాప నిన్ను తరిమింది సూసినా. తన సీర సింపి కట్టు కట్టింది సూసినా." అవ్వ కుర్చీలో ముందుకు వంగింది. "ఆ పాప నా కోసం నోరు మూసుకుంది. నేను నీ కోసం నోరు మూసుకుంటి. ఆడోళ్లం ఇద్దరం నోరు మూసుకుంటే, నువ్వు నోరు తెరిస్తివి సూడు!"

అంగడాయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. నేను మాత్రం అవ్వ ముందరికి పోయి నిలబడినాను. "తెలిసీ ఎందుకు చెప్పలేదవ్వా? బతికుండగా ఒక్క మాట ఎందుకు చెప్పలేదు? పొద్దున లేచి నీ దిక్కు చూసి తల ఊపేది కదా, నువ్వు కూడా ఎట్ల ఊపినావు?" అని అడిగినాను. "కొడుకు కదమ్మా" అనింది. కండ్ల నుంచి నీళ్లు కారతాండాయి. నేను కరగలేదు. ఇప్పటికీ కరగలేదు. ముసలామె మీద కోపమేంటని మీరంటే, ముసలామెకు ఒక న్యాయం, సచ్చిపోయినామెకు ఒక న్యాయమా అని నేనడుగుతాను.

మా అత్త మీద కూడా కోపమే నాకు. ఎవురికి తెలీకూడదని నోరు కుట్టేసుకుందో, వాళ్లకు మొదటి పొద్దే తెలుసు! వీధి ఎదురెదురుగా ఇద్దరూ ఒకరి కోసం ఒకరు దాచుకుంటా, రోజూ తలలూపుకుంటా కూర్చున్నారు. మధ్యలో అంగడాయన హాయిగా ఉప్పూ పప్పూ తూకం వేసుకుంటాండాడు. అత్తా, ఒక్క పొద్దన్నా అరిచుంటే ఏమయ్యేది? ముందు పోగు అతుకు, తర్వాత అరుద్దువులే అన్నావు. నువ్వు అతుకుతానే పోయినావు. అరిచేది ఎప్పుడు?

దినాలయిన మర్రోజు అవ్వను ఆటోలో కూర్చోబెట్టుకొని ఆఫీసుకు పోయినాను. అవ్వ చెప్పింది, వాళ్లు విన్నారు. "మనిషి పోయినాక ఆమె మీద కేసు దానంతటదే పోతాదమ్మా" అన్నారు. కేసు పోతాదంట. మరి పేరు? అది వాళ్ల చేతిలో లేదని నాకు తెలుసు, అందుకే ఇది రాస్తాండాను. మా అత్త ఆ చెట్టుకు విషం పెట్టలేదు. చెట్టును సంపినామె అని అన్న ప్రతి నోరూ ఈ మాట చదవాల. చదవడం రానోళ్లకు పక్కనోళ్లు చదివి వినిపించాల. ఎండిన కొమ్మ సంగతి అడిగితే, చూస్తామన్నారు. అది ఇప్పటికీ రేకుల మీదనే ఉండాది.

అవ్వ ఇంటికొచ్చి కొడుకును పిలిచి ఒక్కటే చెప్పింది. రోజూ అంగడి తెరిచే ముందు, తన కండ్ల ముందర, ఆ చెట్టుకు బిందెడు నీళ్లు పొయ్యాల. పొయ్యని పొద్దు ఆ ఇంటి అన్నం తనకొద్దు. తల్లి అన్నం తినకుండా అరుగు మీద కూర్చుంటే అంగడికి ఎవురొస్తారు? ఒప్పుకున్నాడు.

మా అత్త పోయే ముందు సిద్ధం చేసుకున్న పడుగు ఒకటి ఇంట్లో చుట్టి ఉండాది. ఇంటికి తాళం వేసేలోగా దాన్ని వీధిలోకి తెద్దామనిపించింది. తర్వాత ఎవురు నేస్తారో చూద్దాం, ముందు సాగదియ్యాల. తెల్లారకముందే లేచి, గంజి కాచి, ఒక కొస గుంజకు కట్టి, రెండో కొస పట్టుకొని నిలబడినాను. ఎవుర్నీ పిలవలేదు. తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. పక్కింటామె కుంచె తీసుకొని వచ్చింది. ఆమె వెనక ఇంకొకామె. నా మొహంలోకి చూసే ధైర్యం ఎవురికీ లేదు, వంచిన తల ఎత్తకుండా దువ్వతాండారు. నేను రమ్మని అనలేదు, పొమ్మని కూడా అనలేదు. ఒక పోగు తెగింది, ఎవురో అతికినారు.

అంగడాయన బిందె చంకన పెట్టుకొని తన వాకిట్లోకి వచ్చినాడు. ఆయన ఆ పక్క, చెట్టు ఈ పక్క, నడుమ మా అత్త పడుగు. ఆయన నిలబడి ఆ చివరకు చూసినాడు, ఈ చివరకు చూసినాడు. చుట్టు తిరిగి పోదామంటే పడుగు వీధి పొడుగునా ఉండాది. అరుగు మీద నుంచి అవ్వ చూస్తాండాది. కుంచెలు ఆగిపోయినాయి. ఆ కేక వేసే మనిషి లేదు కాబట్టి నేనే వేసినాను, ఆదోని దాకా వినపడేటట్లు వేసినాను.

"వంగి పోండప్పా, పడుగుండాది!"

వంగినాడు. నీళ్లు ఒలికి తెల్ల పంచె తడిసింది. ఒక చేత్తో బిందె, ఒక చెయ్యి మట్టిలో ఆనించి, మా అత్త పోగుల కింద నుంచి దూరి ఈ పక్కకు వచ్చినాడు. ఆ ఎర్రంచు గుడ్డ ఇంకా చెట్టు మొదట్లోనే కట్టుండాది, దాని మీదుగా నీళ్లు పోసినాడు. పోసి, ఖాళీ బిందె పట్టుకొని తిరిగినాడు. అంగడి ఆ పక్కన ఉండాది. మేమెవురమూ పడుగు ఎత్తలేదు.

మళ్లా వంగినాడు.